మొలస్కా వర్గ జీవులు: ముఖ్య విభాగాలు, సాగుభూమిలో వాటి జీవనం

తెలుగులో నత్త అనే ఒక్క మాట కింద ఎన్నో వేర్వేరు జీవులు చేరిపోయాయి. వరిమడిలో మూత బిగించుకొని అడుగున పడి ఉండే గుండ్రని నత్త, చెరువు గట్టున నాచు మీద పాకే గోరంత నత్త, వాన వెలిసిన రాత్రి బొప్పాయి మొక్కల మీదికి ఎక్కే పిడికెడంత నత్త, పైన గుల్ల అనేదే లేకుండా జిగురు చార విడుస్తూ సాగే నల్లని స్లగ్ – వాడుకలో ఇవన్నీ నత్తలే. నష్టం కనిపించినప్పుడు వీటన్నింటికీ ఒకటే చికిత్స జరుగుతుంది: గొంగళిపురుగుల కోసం తెచ్చిన మందును మరుసటి ఉదయం పిచికారీ చేయడం. ఆ వేళకు నత్త ఆకు మీద ఉండదు. ఉన్నా గుల్లలోకి ముడుచుకొని, జిగురును మరింత స్రవించి, తనకు తగిలిన మందులో కొంత భాగాన్ని ఆ జిగురుతోనే వదిలించుకుంటుంది. ఆకుపై తిరిగే సాలీళ్లు, నేలపై తిరిగే పెంకు పురుగులు మాత్రం చనిపోతాయి.

ఈ పొరపాటుకు ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో 2015లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో థయామిథాక్సామ్‌తో విత్తనశుద్ధి చేసిన సోయాచిక్కుడు మొలకలను స్లగ్‌లు తిన్నాయి. మందు వాటిని ఏమీ చేయలేదు. ఆ స్లగ్‌లను తిన్న నేల పెంకు పురుగులలో మాత్రం సగానికి పైగా చనిపోవడమో, కదలలేని స్థితికి చేరడమో జరిగింది. తమను తినే శత్రువులు తగ్గడంతో స్లగ్‌లు పెరిగాయి, దిగుబడి తగ్గింది. నత్త కీటకం కాదన్న సంగతి పాఠ్యపుస్తకంలోని మొదటి పేజీకి చెందినదే అయినా, పొలం గట్టు మీద దానిని మరచిపోవడం వల్ల నష్టం ఇలా రెండింతలవుతుంది. అందుకే మొలస్కా వర్గంలోని విభాగాలను, వాటి దేహధర్మాలను వ్యవసాయ విద్యార్థి తెలుసుకోవలసిన అవసరం ఉంది. ఏ జీవి ఏ విభాగానికి చెందుతుందో తేలితే, దానిని ఎక్కడ వెదకాలో, ఎప్పుడు పట్టాలో, అసలు దాని జోలికి పోవాలో వద్దో అన్నీ దాదాపు తేలిపోతాయి.

మృదుకాయుల దేహ నిర్మాణం

జంతు ప్రపంచంలో కీటకాలు, రొయ్యలు, సాలీళ్లు చేరిన ఆర్థ్రోపొడా వర్గం తరువాత జాతుల సంఖ్యలో రెండవ స్థానం మొలస్కాదే. ఇప్పటివరకు వర్ణించిన సజీవ జాతులు సుమారు 85 వేలు. బాహ్యరూపంలో శంఖానికి, ఆక్టోపస్‌కు, ముత్యపుచిప్పకు పోలికే కనిపించదు. అయినా వీటన్నింటి దేహమూ ఒకే ప్రణాళికను అనుసరిస్తుంది. ఖండితాలు లేని మెత్తని శరీరం, పాకడానికో తవ్వడానికో ఈదడానికో ఉపయోగపడే కండర పాదం, జీర్ణ ప్రత్యుత్పత్తి అవయవాలను ఇముడ్చుకున్న అంతరాంగ సముదాయం, దానిపై దుప్పటిలా కప్పిన ప్రావారం – ఇవి నాలుగూ దాని మూలాంశాలు. ప్రావారపు అంచు కాల్షియం కార్బొనేట్‌ను స్రవించి గుల్లను కడుతుంది. ప్రావారానికీ దేహానికీ నడుమ ఉన్న కుహరంలో మొప్పలు ఉంటాయి. కీటకం పెరిగే కొద్దీ పాత పొరను విడిచి కొత్త పొర కట్టుకుంటుంది. నత్త గుల్లను ఎన్నడూ విడవదు, దాని అంచుకే కొత్త వరుస చేర్చుకుంటూ పోతుంది. పైపొర ఏర్పడకుండా అడ్డుకొని కీటకాలను చంపే మందులు నత్తపై పనిచేయకపోవడానికి ఈ ఒక్క భేదమే చాలు.

నోటిలోని రాడ్యులా ఈ వర్గానికే ప్రత్యేకమైన అవయవం. ఆకురాయి వంటి ఈ పట్టీపై సన్నని దంతాలు వరుసలు తీరి ఉంటాయి, ముందువి అరిగిపోతుంటే వెనుక నుంచి కొత్తవి వస్తూనే ఉంటాయి. నత్త ఆకును కొరకదు, గీకుతుంది. అందువల్ల ఆకులో ఏర్పడిన రంధ్రాల అంచులు చిరిగినట్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి. గొంగళిపురుగు తిన్నచోట గుండ్రని రెట్ట గుళికలు కనిపిస్తే, నత్త తిన్నచోట ఎండిన జిగురు చార ఉదయపు ఎండలో మెరుస్తుంది. రెండింటి నష్టాన్ని పొలంలో వేరుచేసి గుర్తించడానికి ఇంతకంటే తేలికైన ఆనవాలు లేదు.

మొలస్కా జీవులలో అధికభాగానికి రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది రాగి ఆధారిత హీమోసయనిన్. ప్రసరణ వ్యవస్థ వివృతం, అంటే రక్తం నాళాలను దాటి దేహకుహరాలలోకి ప్రవహిస్తుంది. ఈ సామాన్య లక్షణాలకు కొన్ని విభాగాలలో మినహాయింపులు ఉన్నాయి. వాటిలో ఒకటి పశువైద్యానికి పనికివచ్చేది కనుక దానిని తరువాత ప్రస్తావించడం జరుగుతుంది.

సముద్రానికి పరిమితమైన చిన్న విభాగాలు

వర్గంలోని ఎనిమిది సజీవ తరగతులలో అయిదు వ్యవసాయదారునికి కనిపించనే కనిపించవు. పురుగు ఆకారంలో ఉండి గుల్లకు బదులు సున్నపు ముళ్లు ధరించిన రెండు తరగతులు సముద్రపు అడుగున జీవిస్తాయి. వీపుపై ఎనిమిది పలకలు ఉన్న కైటాన్లు అలలు తాకే రాళ్లను పట్టుకొని ఉంటాయి. వాటి రాడ్యులా దంతాల కొనలు మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజంతో గట్టిపడి ఉండటం వల్లనే అవి రాతి మీది నాచును గీకి తినగలుగుతాయి. ఏనుగు దంతం ఆకారపు గొట్టంలో నివసించే స్కాఫోపొడా జీవులు ఇసుకలో పూడుకొని ఉంటాయి. మోనోప్లాకోఫోరా తరగతి కోట్ల సంవత్సరాల క్రితమే అంతరించిందని శాస్త్రవేత్తలు భావించారు. డెన్మార్క్‌కు చెందిన గెలాథియా నౌక 1952లో కోస్టారికా తీరానికి దూరంగా, పసిఫిక్ సముద్రపు లోతుల నుంచి వాటిని సజీవంగా వెలికితీసింది.

శీర్షపాదులు

ఆక్టోపస్, స్క్విడ్, కటిల్‌ఫిష్, నాటిలస్‌లు చేరిన శీర్షపాదులు కూడా పూర్తిగా సముద్రజీవులే. సుమారు 800 జాతులు ఉన్న ఈ తరగతిలో పాదం చీలి నోటి చుట్టూ బాహువులుగా మారింది. వేటాడి బతికే చురుకైన జీవనానికి తగినట్లు వీటి రక్త ప్రసరణ సంవృతంగా ఉంటుంది. ఒక ప్రధాన హృదయానికి తోడు రెండు మొప్పల హృదయాలు పనిచేస్తాయి. వెన్నెముక లేని జంతువులలో అత్యంత వికాసం చెందిన మెదడు వీటిదే. స్క్విడ్ శరీరంలోని లావైన నాడీతంతువుపై హాడ్జ్‌కిన్, హక్స్‌లీ చేసిన పరిశోధనలే నాడీ ప్రచోదనం ఎలా సాగుతుందో తేల్చాయి. వారికి 1963లో నోబెల్ బహుమతి లభించింది. కటిల్‌ఫిష్ దేహం లోపలి సున్నపు పలకనే దేశీయ వైద్యంలో సముద్రఫేనం అంటారు. పంజరపు పక్షులకు సున్నం కోసం అందించేదీ అదే.

ద్వికవాటులు

రెండు చిప్పల మధ్య దేహాన్ని దాచుకున్న ఆలుచిప్పలు, ముత్యపుచిప్పలు, మస్సెల్స్ ఈ తరగతికి చెందుతాయి. వీటికి తల లేదు, రాడ్యులా కూడా లేదు. మొప్పలపై ఉన్న శైలికలు నీటిని లోనికి లాగి, అందులోని సూక్ష్మజీవులను వడకట్టి నోటికి చేరవేస్తాయి. ఆహారం కోసం నిరంతరం నీరు వడకట్టే జీవి, ఆ నీటిలోని భార లోహాలను, పురుగుమందుల అవశేషాలను కూడా దేహంలో పోగుచేసుకుంటుంది. కాలువ నీటి కాలుష్యాన్ని అంచనా వేయడానికి మస్సెల్స్ కణజాలాన్ని పరీక్షించే పద్ధతికి ఆధారం ఇదే.

గోదావరి కాలువలలోను, చెరువులలోను కనిపించే మంచినీటి మస్సెల్ లామెల్లిడెన్స్ జీవితచక్రం గమనించదగినది. దాని గ్లోకిడియం డింభకం చేపల మొప్పలకో, రెక్కలకో అంటుకొని కొంతకాలం పరాన్నజీవిగా గడిపి, తరువాతే అడుగుకు దిగుతుంది. చేపలు లేని చెరువులో మస్సెల్స్ సంతతి కొనసాగదు. మంచినీటి ముత్యాల పెంపకం చేపట్టదలచిన రైతులకు ఈ సంగతి ముందుగా చెప్పవలసి ఉంటుంది. భువనేశ్వర్ సమీపంలోని కేంద్రీయ మంచినీటి జలకృషి సంస్థ ఈ జాతిపైనే ముత్యాల సాంకేతికతను రూపొందించింది. స్వాతి కార్తెలో పడిన చినుకు చిప్పలో చేరి ముత్యమవుతుందన్న నమ్మకం మనకు ఉంది. చిప్పలోకి చేరిన పరాయి వస్తువు చుట్టూ, లేదా గాయపడిన ప్రావార కణాల చుట్టూ చిప్ప లోపొరకు చెందిన పదార్థమే పొరలు పొరలుగా పేరుకోవడం వల్ల ముత్యం ఏర్పడుతుంది.

ద్వికవాటుల వల్ల నేలకు కలిగే ప్రయోజనం సున్నం. కేరళలోని వెంబనాడు సరస్సు అడుగున పేరుకున్న గుల్లలను తవ్వి తీసి, ఆమ్ల నేలలను సరిచేయడానికి వాడటం చాలాకాలంగా ఉన్నదే. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో కలిపే గుల్ల నలుసు కూడా ఈ జాతిదే.

ఉదరపాదులు

మిగిలినది ఉదరపాదుల తరగతి. మొలస్కాలోని జాతులలో చాలా పెద్ద భాగం ఇందులోనివే. సముద్రాన్ని విడిచి నేలపైకి ఎక్కగలిగినది కూడా ఈ ఒక్క తరగతే. గవ్వ, శంఖం, నత్త, స్లగ్ అన్నీ ఉదరపాదులే. డింభక దశలో అంతరాంగ సముదాయం మొత్తం 180 డిగ్రీలు తిరగడం వీటి ప్రత్యేక లక్షణం. దీనిని విమోటనం అంటారు. వెనుక ఉండవలసిన ప్రావార కుహరం, పాయువు దీని వల్ల తలకు పైగా వచ్చి చేరతాయి. గుల్ల చుట్టలు తిరగడం దీనికి భిన్నమైన ప్రక్రియ, రెండింటినీ ఒకటిగా భావించడం విద్యార్థులు తరచు చేసే పొరపాటు. చుట్ల దిశ విషయంలో కూడా ఒక చిక్కు ఉంది. పూజలో అమూల్యమని భావించే దక్షిణావర్త శంఖాన్ని జీవశాస్త్రం ఎడమచుట్టు గుల్లగా పరిగణిస్తుంది. మామూలు శంఖాలన్నీ కుడిచుట్టువి. శంఖాన్ని ఏ కొన పైకి పెట్టి చూస్తారన్న దానిలో తేడాయే ఇందుకు కారణం.

వ్యవసాయంతో సంబంధం ఉన్న ఉదరపాదులు మూడు తీరులుగా జీవిస్తాయి. పొలంలో వాటిని వేరుచేయడానికి సూక్ష్మదర్శిని అక్కరలేదు. గుల్ల ద్వారానికి గట్టి మూత ఉందా, తలపై స్పర్శశృంగాలు ఎన్ని జతలు, కళ్లు ఎక్కడ ఉన్నాయి అన్న మూడు ప్రశ్నలు చాలు.

మూత ఉన్నది పైలా, అంటే వరిమళ్ల నత్త. జంతుశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థీ ప్రయోగశాలలో కోసి చూసినది దీనినే. నీటిలో మొప్పతోను, గాలిలో ఊపిరి సంచితోను శ్వాసించగల ఉభయచరి ఇది. ఆడ, మగ జీవులు వేర్వేరు. గుడ్లను నీటి అంచున తడినేలలోని గుంతలో పెడుతుంది. ఎండాకాలంలో మూత బిగించుకొని బురదలో నెలల తరబడి సుప్తావస్థలో ఉంటుంది. ప్రధానంగా నీటి మొక్కలను తిని బతికే ఈ దేశీయ జీవి వరికి చెప్పుకోదగిన నష్టం కలిగించడం అరుదు. నత్తగుల్ల కొంగకు దీనిదే ఆహారం. ఆ పక్షి ముక్కు రెండు దవడల నడుమ ఉన్న సందు, మూత పక్కగా కొనను దూర్చి మాంసాన్ని బయటికి లాగే పనితో ముడిపడినదే. కోస్తా జిల్లాలలో ఈ నత్తలను కూర వండుకుంటారు, కోత అయిన మళ్లలో బాతుల మందలకు ఇవి మేత. పైలాను చూసి మడిలో విషం చల్లమని సలహా ఇచ్చే విస్తరణ కార్యకర్త రైతుకు మేలు చేసినట్లు కాదు.

మూత లేకుండా, ఒకే జత స్పర్శశృంగాలు, వాటి మొదట్లో కళ్లు ఉన్నవి లిమ్నియా, ఇండోప్లానార్బిస్ వంటి చెరువు నత్తలు. ఇవి ఊపిరి పీల్చడానికి నీటిపైకి వస్తాయి. ఆకారంలో చిన్నవి, పంటను తినవు. కానీ పశువుల ఆరోగ్యానికి వీటి వల్ల కలిగే చేటు పెద్దది. కార్జపు జలగ జీవితచక్రంలో ఒక దశ లిమ్నియా దేహంలో గడవనిదే ఆ పరాన్నజీవి పశువును చేరలేదు. నత్త నుంచి వెలువడిన డింభకాలు నీటి అంచున ఉన్న గడ్డిపై పొదిగి కూర్చుంటాయి, ఆ గడ్డిని మేసిన గేదె, గొర్రె కాలేయానికి చేరతాయి. బిళ్ల ఆకారంలో చుట్టుకున్న ఇండోప్లానార్బిస్ నత్త, పశువులకు గురక వ్యాధి కలిగించే షిస్టోసోమా జలగలకు ఆశ్రయమిస్తుంది. ముందు ప్రస్తావించిన మినహాయింపు ఈ కుటుంబానిదే. దీని రక్తంలో హీమోసయనిన్‌కు బదులు హీమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే గుల్ల పగిలితే ఎర్రని ద్రవం కారుతుంది. మడుగు గట్టున పశువును మేపకుండా ఉండటం, తొట్టెలో నీరు పోసి తాగించడం, కాలువ అంచుల కలుపు తీసి నత్తకు నీడ లేకుండా చేయడం మందుల కంటే ముందు ఆలోచించవలసిన చర్యలు.

మూత లేకుండా, రెండు జతల స్పర్శశృంగాలతో, పై జత కొనల్లో కళ్లు ఉన్నది నేల నత్త. పంటకు శత్రువు ఈ గుంపులోనే ఉంది. గుల్లలేని స్లగ్‌లు కూడా ఇక్కడే చేరతాయి. గుల్ల లేకపోవడం వల్ల అవి సన్నని నేల పగుళ్లలోకి సైతం దూరగలవు. దుక్కి లేని సేద్యంలో పంట వ్యర్థాలు నేలను కప్పి ఉంచడం తేమకు మంచిదే అయినా, ఐరోపా, ఉత్తర అమెరికా దేశాలలో అదే పద్ధతి స్లగ్‌లను ముఖ్యమైన తెగులుగా మార్చింది.

ఆఫ్రికా రాక్షస నత్త

నేల నత్తలలో మన ప్రాంతానికి అత్యంత ప్రమాదకరమైనది లిస్సకాటినా ఫ్యూలికా. దీనినే పాత గ్రంథాలు అకాటినా ఫ్యూలికా అన్నాయి. తూర్పు ఆఫ్రికా దీని జన్మస్థలం. గుల్లలను అధ్యయనం చేసిన విలియం బెన్సన్ 1847లో మారిషస్ నుంచి దీనిని కలకత్తాకు తెచ్చాడు, చౌరంగీలోని ఒక తోటలో అది విడుదలైంది. దేశంలో దీని వ్యాప్తికి మొదలు ఆ తోటే. నత్తల శాస్త్రవేత్త చేతి మీదుగానే నత్త తెగులు దేశంలో అడుగుపెట్టడం విచారకరమైన వాస్తవం.

ఎదిగిన నత్త గుల్ల 20 సెంటీమీటర్ల వరకు పెరగగలదు. గోధుమ వన్నె నేలపై ముదురు చారలతో శంకువు ఆకారంలో ఉంటుంది. దక్షిణాదిలో సహజంగా ఉండే క్రిప్టోజోనా నత్త దీనికంటే చాలా చిన్నది, గుల్ల గుండ్రంగా అణిగి ఉంటుంది. రెండింటినీ కలగాపులగం చేయరాదు. రాక్షస నత్త బొప్పాయి, అరటి, కూరగాయలు, పూలమొక్కలు మొదలుకొని వందలాది రకాల మొక్కలను తింటుంది. నారుమడులలోను, కొత్తగా నాటిన తోటలలోను నష్టం ఎక్కువ. ఎలుకల ఊపిరితిత్తుల పురుగును ఇది మోసుకొని తిరుగుతుంది, ఆ పురుగు మనుషులలో మెదడు పొరల వాపు కలిగించగలదు. అందువల్ల దీనిని ఒట్టి చేతులతో పట్టరాదు.

దీని ప్రత్యుత్పత్తి గురించి తెలుసుకుంటే నివారణ ఎందుకు కష్టమో అర్థమవుతుంది. ప్రతి నత్తలోను స్త్రీ, పురుష అవయవాలు రెండూ ఉంటాయి. కలయిక తరువాత రెండూ గుడ్లు పెట్టగలవు. స్వీకరించిన శుక్రకణాలను నెలల తరబడి నిల్వ ఉంచుకోగలవు గనుక, ఒకసారి జతకట్టిన ఒక్క నత్త కొత్త ఊరికి చేరినా అక్కడ సంతతి మొదలవుతుంది. నేలలో కొద్ది సెంటీమీటర్ల లోతున ఒక్కో విడతకు వంద నుంచి నాలుగు వందల వరకు గుడ్లు పెడుతుంది, ఏడాదిలో ఇటువంటి విడతలు అనేకం. గుడ్ల నుంచి డింభకాలు కాక, గుల్లతో సహా పిల్ల నత్తలే బయటికి వస్తాయి. 1966లో ఒక బాలుడు హవాయి నుంచి ఫ్లోరిడాలోని మయామీకి మూడు నత్తలను దాచి తెచ్చాడు, అతని అమ్మమ్మ వాటిని తోటలో వదిలింది. ఏడేళ్లు తిరిగేసరికి 18 వేలకు పైగా నత్తలు దొరికాయి. పది లక్షల డాలర్లు వెచ్చించి 1975 నాటికి వాటిని నిర్మూలించగలిగారు. మొక్కల కుండీలతో పాటు ఒక్క నత్త నర్సరీ దాటినా ఫలితం ఎలా ఉండవచ్చో ఈ ఉదంతం చెబుతుంది.

నత్తకు ప్రాణాధారం నీరు, సున్నం. దేహంలో అధికభాగం నీరే. పాకే ప్రతి అంగుళానికీ జిగురు రూపంలో దానిని ఖర్చు చేయాలి. అందుకే పగలు రాళ్లు, గడ్డి, ఇటుకల పోగు, చెట్టు మొదళ్ల చాటున ఉండి, రాత్రి తేమలో తిరుగుతుంది. సున్నం కోసం గోడల వెల్లను కూడా గీకి తింటుంది. పొడి కాలంలో గుల్ల ద్వారానికి సన్నని సున్నపు పొర కట్టుకొని నెలల తరబడి నిద్రిస్తుంది. ఈ పొర పైలా మూత వంటి శాశ్వత అవయవం కాదు, వాన పడగానే తొలగిపోతుంది.

నివారణ చర్యలు ఈ దేహధర్మాల నుంచే పుట్టాలి. మొదటి అవకాశం ఎండాకాలం. తోట గట్ల వెంట, రాళ్ల పోగుల కింద గుంపులుగా నిద్రిస్తున్న నత్తలను ఏరివేస్తే తొలకరిలో గుడ్లు పెట్టే తల్లి నత్తలు తగ్గుతాయి. వేసవి దుక్కి నేలలోని గుడ్లను, పిల్ల నత్తలను ఎండకు బయటపెడుతుంది. రెండవ అవకాశం తొలకరి వానలు పడిన మొదటి రాత్రులు. అప్పుడే అవి బయటికి వస్తాయి, గుడ్లు ఇంకా పెట్టి ఉండవు. ఊరంతా ఒకేసారి పూనుకొని వరుసగా కొన్ని రాత్రులు ఏరితే కలిగే ఫలితం, ఒక్క రైతు ఏడాది పొడవునా ఏరినా కలగదు. పక్క చేనులో మిగిలినవి వారం లోపే తిరిగి వస్తాయి. తడిపిన గోనె సంచులు, బొప్పాయి ఆకులు, క్యాబేజీ ఆకులను సాయంత్రం వరుసల మధ్య పరిచి, తెల్లవారుజామున వాటి కింద చేరిన నత్తలను చేతి తొడుగులతో ఏరాలి. ఏరినవాటిని ఉప్పు లేదా సబ్బు నీటి తొట్టెలో వేసి చంపి, పొడి సున్నం చల్లి లోతైన గుంతలో పూడ్చాలి. ఖాళీ గుల్లలను పగులగొట్టకుండా వదిలితే వాటిలో వాన నీరు నిలిచి దోమలు పెరుగుతాయి.

ఉప్పు తొట్టెకే పరిమితం కావాలి. నత్తలున్న చోటల్లా ఉప్పు చల్లే అలవాటు కొన్నిచోట్ల ఉంది. నత్త చావడం నిజమే, కానీ ఆ సోడియం నేలలోనే మిగిలి మొక్క వేరుకు, నేల నిర్మాణానికి హాని చేస్తుంది. పంటను కాపాడటానికి నేలను చెరచడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. నీరు పెట్టే వేళను మార్చడం మాత్రం ఖర్చులేని ఉపాయం. సాయంత్రం తడి ఇస్తే రాత్రంతా నత్తకు అనుకూలమైన తేమ దొరుకుతుంది. ఉదయం ఇస్తే చీకటి పడేసరికి నేలపైభాగం ఆరుతుంది. బిందుసేద్యంలో వరుసల మధ్య నేల పొడిగా ఉండటం వల్ల అదనపు ప్రయోజనం కలుగుతుంది.

రసాయనాలలో మెటాల్డిహైడ్ గుళికలది ప్రత్యేక స్థానం. ఇది జిగురు కణాలను దెబ్బతీసి, నత్త తన నీటిని తానే పోగొట్టుకొనేలా చేస్తుంది. ఇక్కడ ఒక మెలకువ అవసరం. మందు తిన్న నత్త వెంటనే చావదు, కదలలేక పడి ఉంటుంది. ఆ రాత్రి వాన పడితే కోల్పోయిన నీటిని తిరిగి పీల్చుకొని కోలుకోగలదు. కనుక వాన సూచన లేని సాయంత్రం గుళికలు చల్లి, మరుసటి ఉదయమే పడి ఉన్న నత్తలను ఏరాలి. మోతాదు లేబుల్‌పై ఉన్నదానిని మించరాదు. కుక్కలకు, కోళ్లకు ఇది ప్రాణాంతకం. పెంపుడు జంతువులు తిరిగే పెరడులలో ఐరన్ ఫాస్ఫేట్ ఎర మెరుగు, అది తిన్న నత్త మేత మాని కొన్నాళ్లకు చస్తుంది.

జీవ నియంత్రణలో ఒక హెచ్చరిక

రాక్షస నత్తను తినడానికి మరొక నత్తను ప్రవేశపెట్టాలన్న ఆలోచన గతంలో కొన్ని దేశాలను ఆకర్షించింది. వేటాడే స్వభావం గల యూగ్లాండినా రోజియాను 1955లో హవాయిలోను, 1977లో ఫ్రెంచ్ పాలినీషియాకు చెందిన మూరియా దీవిలోను వదిలారు. అది రాక్షస నత్తను విడిచి, చెట్లపై జీవించే చిన్న స్థానిక నత్తల వెంట పడింది. పట్టుమని పదేళ్లు గడవకముందే మూరియాలోని పార్టులా జాతులు అడవిలో కనుమరుగయ్యాయి. జంతు ప్రదర్శనశాలలలో పెంచిన కొన్ని మాత్రమే మిగిలాయి. రాక్షస నత్త సమస్య మాత్రం తీరలేదు. ఏ ఎర జీవిని ఎంచుకుంటుందో ముందుగా పరీక్షించకుండా సహజ శత్రువును విడుదల చేయరాదన్న నియమాన్ని జీవ నియంత్రణ బోధించే తరగతిలో ఈ ఉదాహరణతోనే చెప్పడం మంచిది.

గులాబీ రంగు గుడ్లు

వరి ప్రాంతాల విస్తరణ శాస్త్రవేత్తలు కళ్లలో పెట్టుకోవలసిన మరొక నత్త పొమాసియా కెనాలిక్యులాటా, బంగారు ఆపిల్ నత్త. దక్షిణ అమెరికా నుంచి 1980 ప్రాంతంలో ఆహారం కోసం తైవాన్‌కు తెచ్చిన ఈ జీవికి మార్కెట్ దక్కలేదు. పెంచినవారు వదిలేయగా కాలువల్లో పడి ఆగ్నేయాసియా వరి దేశాలన్నింటికీ విస్తరించింది. నాటిన మొదటి మూడు వారాల్లో లేత పిలకలను నీటి మట్టం దగ్గర తెగగొట్టి మడులను ఖాళీ చేస్తుంది. నేరుగా విత్తే వరికి ప్రమాదం ఇంకా ఎక్కువ. నీరు పలుచగా ఉంటే ఇది కదలలేదు కాబట్టి, ఆ దేశాల రైతులు లేత దశలో మడిని ఆరబెట్టి, లోతు చాళ్లలోకి చేరిన నత్తలను ఏరుతారు.

చూపులకు ఇది మన పైలాకు దగ్గరి చుట్టం. మూత ఉంటుంది, మొప్పా ఊపిరి సంచీ రెండూ ఉంటాయి. తేడాను పట్టి ఇచ్చేది గుడ్లే. పైలా తెల్లని గుడ్లను నేల గుంతలో దాస్తుంది. పొమాసియా మెరిసే గులాబీ రంగు గుడ్లను గుత్తిగా నీటికి పైన వరి కాండాలకో, గట్టు రాళ్లకో, కాలువ గోడకో అంటిస్తుంది. మడిలో అటువంటి గుత్తి కనిపిస్తే దానిని గీకి నీటిలో ముంచేముందు ఫోటో తీయాలి. దగ్గరలోని నత్తలను కొన్నింటిని ప్రాణంతోనే సేకరించి, కాచి చల్లార్చిన నీటితో అంచు దాకా నింపిన సీసాలో గాలి మిగలకుండా మూతపెట్టి ఒక రాత్రి ఉంచాలి. గాలి అందక దేహం పూర్తిగా బయటికి చాచుకొని చనిపోయిన నత్తను 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చి, సేకరించిన చోటు, తేదీ, పంట దశ రాసిన చీటీని పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేసి పరిశోధన కేంద్రానికి పంపాలి. నేరుగా ఆల్కహాల్‌లో వేస్తే నత్త గుల్లలోకి ముడుచుకొని, గుర్తించడానికి అవసరమైన అవయవాలేవీ కనిపించకుండా పోతాయి.